తోక చివర ఏ రంగు? - ఒక పెరటి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "నిన్న పొద్దుగూకే వేళ మా ఇంటి వెనక కుక్కంత జంతువు కనబడింది. తోక గుబురుగా ఉంది. తోడేలే. పొద్దున్నుంచీ ఫీడరు దగ్గర ఒక్క పిట్టా లేదు. ఏమిటో చెప్పండి."

అవతారిక. ఈ మూలానికి కర్త ఒకరు కారు. అమెరికాలోని ఉత్తర కరోలినాలో, రాలీలోనో చార్లెట్‌లోనో ఉద్యోగం చేస్తూ, ఊరు దాటాక ఎకరమో రెండెకరాలో కొనుక్కుని అడవి అంచున ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్ళు ఏదో ఒక సాయంత్రం బంధువులకు పంపే కబురే ఇది. పంపేవాళ్ళు మారతారు, పాఠం మారదు. కర్త తేలని గ్రంథాన్ని అపౌరుషేయమనడం మన సంప్రదాయం గనక దీనికీ ఆ గౌరవం చెల్లుతుంది. వాక్యాలు అయిదు. మూడోది తీర్పు, అయిదోది ప్రశ్న. తోడేలని తేల్చేశాక ఇక ఏమిటో చెప్పమనడం దేనికి? పూర్వాపర విరోధమని తప్పు పట్టేవారుంటారు. మూలాన్ని సమర్థించడం వ్యాఖ్యాత ధర్మం కనుక ఇలా అన్వయిస్తాం: నోరు తొందరపడింది, మనసు ఇంకా తేల్చుకోలేదు. ఈ టీక మనసు పక్షం వహిస్తుంది. చూసినదంతా చెప్పడం పూర్తయ్యేదాకా పేరు జోలికి పోకూడదన్నదే ఇక్కడి సిద్ధాంతం. తప్పు పేరును రేపు ఎవరైనా దిద్దగలరు. నిన్న గమనించని గుర్తును రేపు గమనించడం ఎవరి తరమూ కాదు.

'కుక్కంత' అన్న పదం చూద్దాం. ఏ కుక్కంత? చివావా 5 పౌండ్లుంటుంది, గ్రేట్ డేన్ 150 దాకా తూగుతుంది. ఉపమేయం తెలియనప్పుడు ఉపమానమైనా స్థిరంగా ఉండాలని అలంకారికులు చెప్పకపోయినా పెరటివాళ్ళకు తెలియాలి. అది అలా ఉంచి, దూరంలో పరిమాణాన్ని కన్ను అంచనా వేయలేదు. పక్కన కొలతకు ఏమీ లేని గడ్డిమైదానంలో, అందులోనూ మసక వెలుతురులో, అసలు వేయలేదు. అక్కడి ఎర్ర నక్క బరువు మహా అయితే 15 పౌండ్లు, అంటే బాగా మేపిన ఇంటిపిల్లికి కాస్త ఎక్కువ. చలికాలపు బొచ్చు పట్టాక అదే నక్క, నక్కకూ తోడేలుకూ మధ్యస్థంగా ఉండే కయోటీ అంత కనబడుతుంది. నిజమైన కయోటీ తూర్పు రాష్ట్రాల్లో 30 నుంచి 45 పౌండ్లుంటుంది. దాని బొచ్చు చూసి తోడేలనుకుంటారు. ఇలా ప్రతి జంతువూ బొచ్చు పుణ్యమా అని ఒక తరగతి పైకి ప్రమోషను కొట్టేస్తుంది. 'గుబురుగా' అన్న విశేషణానిదీ ఇదే కథ: ఎర్ర నక్క, బూడిద నక్క, కయోటీ, తోడేలు నాలుగింటి తోకలూ గుబురే. నైయాయికులు సంశయానికి ఇచ్చే ఉదాహరణ ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. చీకట్లో దూరాన నిలువుగా ఏదో కనిపిస్తే అది మోడా, మనిషా? ఎత్తు రెంటికీ ఉంది. అది సమానధర్మం, దాన్ని ఎంతసేపు చూసినా సందేహం తీరదు. కాళ్ళూ చేతులూ మనిషికి, తొర్రలూ వంకరలూ మోడుకి ప్రత్యేకం. సందేహం తీర్చేవి ఆ విశేషధర్మాలే. మూలకర్త చెప్పిన లక్షణాలు రెండూ సమానధర్మాలు. చెప్పవలసిన విశేషధర్మం ఒక్కటీ లేదు.

ఏమిటవి? ఎర్ర నక్క తోక చివర తెల్లన, కాళ్ళు మేజోళ్ళు తొడిగినట్టు నల్లన. బూడిద నక్క తోక చివర నలుపు, తోక వెన్ను పొడవునా నల్లచార. అది చెట్టు ఎక్కగలదు కూడా, కనుక కొమ్మ మీద కూర్చున్న నక్కను చూశామన్నవాళ్ళను వెంటనే వెక్కిరించకూడదు. కయోటీ పరుగెత్తేటప్పుడు తోకను కిందికి వాల్చి ఉంచుతుంది. ఒక్క తోక చూస్తే సగం చిక్కు వీడుతుంది. రాత్రి కెమెరా పరారుణ కాంతిలో ఎరుపూ బూడిదా రెండూ ఒకే రంగైపోతాయి. అప్పుడు మిగిలే సాక్ష్యం తోక చివరే. ఈ పద్ధతికి అమెరికాలో ఆచార్యపీఠం రోజర్ టోరీ పీటర్సన్‌ది. 1934లో వచ్చిన ఆయన పక్షుల పుస్తకం మొదటి ముద్రణ 2,000 ప్రతులూ వారంలో చెల్లిపోయాయి. అంతకుముందు పక్షి పేరు తేలాలంటే తుపాకితో కొట్టి చేతిలోకి తీసుకుని చూడటం పండితుల్లో పాతుకుపోయిన పద్ధతి. పీటర్సన్ పక్షిని దూరం నుంచే, ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీసే రెండు మూడు గుర్తుల దగ్గర వేలుపెట్టి చూపించాడు. న్యాయశాస్త్రంలో గవయ న్యాయం ఇదే. ఆవులాంటిదే గవయమని అడవివాడి దగ్గర విన్న పట్నవాసి అడవికెళ్ళి, ఆ పోలిక పట్టుకుని దాన్ని గుర్తుపడతాడు. పీటర్సన్ దానికి ఒక అంగం చేర్చాడు. ఆవులాంటిది సరే, ఆవు కాదని చెప్పడానికి ఎక్కడ చూడాలి?

ఇక 'తోడేలే'. దీర్ఘం తీసిన ఆ ఏవకారంలోనే దోషమంతా ఉంది. 'తోడేలేమో' అని ఉంటే ఈ టీక ఇంత పెరిగేది కాదు. ఉత్తర కరోలినాలో తోడేళ్ళు లేవనడానికి వీల్లేదు. ఎర్ర తోడేలు అడవుల్లో అంతరించిందని 1980లో ప్రకటించారు. బోనుల్లో పెంచినవాటిని 1987లో ఈశాన్య మూలనున్న ఆలిగేటర్ రివర్ అభయారణ్యంలో వదిలారు. లోకంలో అది స్వేచ్ఛగా తిరిగే చోటు ఆ చుట్టుపక్కల అయిదు కౌంటీలే, అక్కడా ఉన్నవి కొద్ది పదులు. కయోటీ మాత్రం రాష్ట్రంలోని 100 కౌంటీల్లోనూ ఉంది. తోడేళ్ళను తుడిచిపెట్టి, అడవులు నరికి చదును చేసిన మనుషులే దానికి పడమటి నుంచి దారి వేశారు. కాబట్టి రాలీ దగ్గర ఇంటి వెనక కనబడింది తోడేలన్న వాదం నిలబడాలంటే, నూటికి తొంభైతొమ్మిది వంతులు ఎదుటి పక్షాన ఉన్న ఊహను అది ఓడించాలి. గుబురు తోక ఒక్కటే అంత పని చేయలేదు.

పూర్వపక్షి ఇక్కడ లేస్తాడు. "పటంలో లేదు కనుక నువ్వు చూడలేదంటావా? పటాలు గీసేవాళ్ళు ఇంట్లో కూర్చుంటారు, జంతువులు నడుస్తాయి." ఆక్షేపణ బలమైనదే, తేలిగ్గా తోసేయకూడదు. 2011 మార్చిలో అమెరికా వన్యప్రాణి శాఖ తూర్పు కూగర్ అనే పెద్ద అడవిపిల్లి అంతరించిందని నిర్ధారించింది. ఆ జూన్‌లోనే కనెటికట్‌లోని మిల్‌ఫర్డ్ దగ్గర రహదారి మీద ఒక కూగర్ కారు కిందపడి చచ్చింది. పటం ఓడింది. అయితే ఎలా ఓడింది? కళేబరం దొరికింది, డీఎన్ఏ తీశారు. దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ కూగర్ల డీఎన్ఏతో అది సరిపోయింది. అంతకుముందు మినెసోటా, విస్కాన్సిన్‌లలో ఏరిన ఆనవాళ్ళూ ఇదే జంతువువని తేలింది. 1,500 మైళ్ళకు పైగా నడిచొచ్చిన మగ కూగర్ అది. అంతరించిన తూర్పు కూగర్ తిరిగి లేవలేదు, పడమటిది వలస వచ్చింది. పటాన్ని ఓడించింది కంటి సాక్షి గొంతు కాదు, చేతికందిన ఆనవాలు. మన కడప జిల్లా కలివికోడి సంగతీ అంతే. 1900 తర్వాత ఎవరూ చూశామనని ఆ పక్షి 1986లో మళ్ళీ దొరికింది, పట్టిచ్చింది అక్కడి వేటగాడే. పండితుల పుస్తకంలో లేని పక్షి అతని అనుభవంలో ఉందన్నది నిజం. ఆ అనుభవం శాస్త్రమైంది మాత్రం పక్షి చేతిలోకి వచ్చాకనే. పటం తలుపుకి తాళం వేయదు, తట్టినవాణ్ణి గుర్తింపు చీటీ అడుగుతుంది.

ఇంకొక ఆక్షేపణ ఉంది, ఇది బద్ధకంలోంచి పుట్టింది: "నక్కయితేనేం, కయోటీ అయితేనేం? చూశాం, వెళ్ళిపోయింది." వెళ్ళిపోనిచ్చే దేశమైతే ఈ మాట చెల్లును. తూర్పు కరోలినాలో ఎర్ర తోడేళ్ళు తుపాకి గుళ్ళకు పోతూ వచ్చాయి, వాటిలో కొన్ని కయోటీలనుకుని కొట్టినవి. పగలైనా పోలిక అంత దగ్గర. చివరికి 2014లో న్యాయస్థానం ఆ అయిదు కౌంటీల్లో కయోటీ వేటను ఆపవలసి వచ్చింది. ఆ తర్వాత శాఖవాళ్ళు తోడేళ్ళ మెడకు నారింజ రంగు పట్టీలు కట్టారు, వేటగాడికి విశేషధర్మం దూరం నుంచే కనబడాలని. ప్రకృతి ఇవ్వని గుర్తును ప్రభుత్వం తొడిగిందన్నమాట. పాముల విషయంలో నష్టం ఇంకా నిత్యం. కాపర్‌హెడ్ అన్న భయంతో నీటిపాములూ ఎలుకలు తినే రాట్ స్నేక్ పిల్లలూ ఎన్ని పారల కింద నలిగాయో. కాపర్‌హెడ్ పట్టీలు వెన్ను మీద సన్నగా, పక్కలకు వెడల్పుగా ఉంటాయి. నీటిపాము పట్టీలు సరిగ్గా తిరగేసి, వెన్ను మీదే వెడల్పు. నాలుగు బారల దూరం నుంచి ఈ తేడా చూడవచ్చు, పార అక్కర్లేదు. మే నెలలో గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్లను అనాథ అనుకుని ఇంట్లోకి తెచ్చి పాలు పట్టేవాళ్ళు చేసేదీ ఈ తప్పే. తల్లి కావాలనే దాన్ని అక్కడ దాచి మేతకు వెళ్ళింది. జాతి పేరు సరిగ్గానే చెప్పారు, పరిస్థితి పేరు తప్పు చెప్పారు.

'ఫీడరు దగ్గర ఒక్క పిట్టా లేదు' అన్న వాక్యాన్ని వెనకటి వ్యాఖ్యాతలు ఎవరైనా ఉంటే పూరణమని వదిలేసేవారు. నిజానికి మూలంలో ఉన్న మంచి సాక్ష్యం ఇదొక్కటే. మీమాంసకుల్లో భాట్టులు అనుపలబ్ధి అనే ప్రమాణాన్ని ఒప్పుకుంటారు. ఉండవలసినది లేకపోవడం కూడా ఒక తెలివిడే. కర్త చూసింది చూసినట్టు చెప్పాడు, పేరు పెట్టలేదు. పొద్దున్నుంచీ గింజల దగ్గర సందడి లేదంటే డేగ ఏదో చుట్టుపక్కల మాటు వేసిందని అనుమానించవచ్చు. తోడేలుకీ దీనికీ సంబంధం లేదు, మూలకర్త రెంటినీ ముడిపెట్టింది అతివ్యాప్తి. ఏ డేగ? ఇక్కడ ఆధునికుడు ఫోను తీస్తాడు. "మెర్లిన్ చెప్పింది, ఇంక వాదమేమిటి?" అంటాడు. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాలవాళ్ళ మెర్లిన్ యాప్ 2021 నుంచి అరుపు విని పేరు చెబుతోంది. అది నిజంగా గొప్ప సాధనం, శబ్దప్రమాణమన్న మాటకు న్యాయసూత్రకర్త గౌతముడు ఊహించని అర్థం ఇచ్చింది. కాని బ్లూ జే అనే గడుగ్గాయి రెడ్‌షోల్డర్డ్ డేగలా అచ్చుగుద్దినట్టు అరుస్తుంది. ఫోను విన్నది అరుపు, చూడలేదు. చూసినవాడికైనా సుఖం లేదు. ఫీడర్ల మీద దాడిచేసే డేగలు ముఖ్యంగా రెండు: కూపర్స్, షార్ప్‌షిన్డ్. మొదటిదాని తోక చివర గుండ్రం, రెండోదానిది తిన్నగా కోసినట్టు. మొదటిది పెద్దది, రెండోది చిన్నది. అలాగని పరిమాణం పట్టుకుందామా అంటే, డేగల్లో ఆడదే పెద్దది. ఆడ షార్ప్‌షిన్డ్ మగ కూపర్స్‌కి దాదాపు సమానం. అదే కార్నెల్‌వాళ్ళు నడిపే ఈబర్డ్ జాబితాలో ఈ రెంటి పేర్ల మధ్య ఒక ఏటవాలు గీత పెట్టి, రెంటిలో ఏదో ఒకటి అని నమోదు చేసుకునే వరుస ఉంది. కోట్ల పరిశీలనలు పోగేసే శాస్త్రం తెలియదనడానికి ఒక గడి కేటాయించింది. అరుదైన పేరు రాస్తే ప్రాంతీయ పరిశీలకుడు ఏం చూశావో వివరం అడుగుతాడు, ఏటవాలు గీత పెట్టినవాణ్ణి సాధారణంగా అడగడు. నిజాయితీకి అక్కడ పూచీకత్తు అక్కర్లేదు.

మిగిలింది 'ఏమిటో చెప్పండి'. ఇది అడిగినవాడి కంటే చెప్పేవాళ్ళకు పరీక్ష. పదిమంది పది పేర్లు పంపుతారు, ఎవరి ఏవకారం వాళ్ళది. తోక చివర ఏ రంగు అని తిరిగి అడిగేవాడే అందులో పండితుడు. ఈ ప్రశ్నను సరిగ్గా అడిగితే ఏమవుతుందో టెక్సస్‌లోని గాల్వెస్టన్ దీవిలో జరిగింది. దీవిలో తిరిగే కయోటీలు మామూలు కయోటీల్లా లేవని ఒక స్థానికుడికి తోచింది. తోడేళ్ళని ప్రకటించి ఊరుకోలేదు. ఫొటోలూ, బండ్ల కిందపడి చచ్చినవాటి నమూనాలూ జన్యుశాస్త్రవేత్తలకు పంపి, ఏమిటో చెప్పమన్నాడు. ప్రిన్స్‌టన్ పరిశోధకులు వాటిలో ఎర్ర తోడేలు వారసత్వం ఉందని 2018లో ప్రచురించారు. బోనుల్లో పెంచుతున్న ఎర్ర తోడేళ్ళలో ఇప్పుడు లేని జన్యువుల జాడలు కూడా అందులో ఉన్నాయి. ఆ జంతువు కయోటీయా, తోడేలా అన్నదానికి జవాబు మాత్రం ఒక్క పేరుగా రాలేదు.