మూడువేల స్టాల్, మదీనా సిగ్నల్

పాతబస్తీలో కారుకు కావలసినవి రెండే: గట్టి హారన్, మడుచుకునే అద్దాలు. తక్కినవన్నీ షోకులు. ఈ సంగతి తెలిసి కూడా మా మేనల్లుడు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నాడు. 2016లో మన దేశంలోకి వచ్చిన మోడల్. అయిదు లీటర్ల వీ8 ఇంజన్, దాదాపు 400 గుర్రాల బలం, ఆటోమేటిక్ తప్ప వేరే గేర్‌బాక్స్ లేదు. లాల్‌దర్వాజాలో మా గల్లీలోకి ఆ గుర్రాలన్నీ రావాలంటే ముందు వాకిళ్ళలోని స్కూటర్లు, ఆ తర్వాత మిర్చిబజ్జీల బండి జరగాలి. బోనాల ఊరేగింపులో అక్కన్న మాదన్న గుడి ఘటం మోసే ఏనుగు దర్జాగా సాగిపోయింది. 400 గుర్రాలూ పక్కకు తప్పుకుని సలాం చేశాయి.

అలాంటి బండికి వేగం చాలడం లేదని వాడి దిగులు.

"మామా, టార్క్ కన్వర్టర్ మార్పిద్దాం. కంపెనీది బద్ధకంగుంది. అమెరికా నుంచి మూడువేల స్టాల్‌ది తెప్పిస్తే, తొక్కంగనే వీపు సీటుకు అతుక్కుంటది" అన్నాడు.

నా వీపుకు డాక్టరుగారు ఇదివరకే ఒక బెల్టు రాసిచ్చారు కాబట్టి నాకు ఉత్సాహం కలగలేదు. అయినా వాణ్ణి ఒంటరిగా వదిలితే డబ్బులు అమెరికాకు, బండి షెడ్డుకు పోతాయని బహదూర్‌పురాలో నాకు తెలిసిన ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఉస్తాద్ బానెట్ ఎత్తలేదు. ముందు చాయ్ తెప్పించాడు. "సాబ్, హలీమ్ దేగ్ చూసినవ్ గదా? ఒకడు గరిట తిప్పుతుంటే, పక్కన ఊకె పెట్టిన రెండో గరిట కూడా కదుల్తది. రెంటికీ నడుమ హలీమే గని ఇనుము లేదు. గదే కన్వర్టర్" అన్నాడు.

ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. హలీమ్ ఉన్నచోట నూనె ఉంటుంది. ఇంజన్ తిప్పే రెక్కల చక్రం ఇంపెల్లర్, గేర్‌బాక్స్ వైపు తిరిగేది టర్బైన్. రెంటి నడుమ స్టేటర్ అనే చిన్న చక్రం ఉంటుంది. టర్బైన్‌ను తాకి వెనక్కి వచ్చే నూనెను అది దారి మళ్ళించి మళ్ళీ పనికి పంపుతుంది. బండి కదిలే క్షణంలో ఇంజన్ తిప్పుడు బలం ఇంచుమించు రెండింతలయ్యేది దానివల్లే. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం. అమెరికాలో 1948 నాటి బ్యూక్ డైనాఫ్లోతో ఇది మామూలు కార్లలోకి దిగింది. ఓడల సంగతి చెప్పగానే ఉస్తాద్ నవ్వాడు. "ఓడకు సిగ్నల్ ఉండదు గద సాబ్, దానికేం ఫికర్!"

ఇక స్టాల్ అంటే, బ్రేకు గట్టిగా పట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ ఎంతవరకు పరుగెత్తి ఆగిపోతుందో ఆ ఆర్‌పీఎం. మామూలు కార్లలో ఇది 2,000కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కన్వర్టర్ వ్యాసం తగ్గించి, రెక్కల వంపు మార్చి దీన్ని 3,000కో 3,500కో ఎక్కిస్తారు. వాల్వులు తెరిచే క్యామ్ మార్చి, పై ఆర్‌పీఎంలో తప్ప బలం చూపించని ఇంజన్‌కు అది వరమే. బండి కదిలేసరికే ఇంజన్ తన బలం ఉన్నచోటికి చేరుకుంటుంది. మా వాడి ఇంజన్‌కు ఎవరూ క్యామ్ మార్చలేదు. "మారుస్త మామా, వచ్చే ఏడు" అన్నాడు. వచ్చే ఏటి క్యామ్ కోసం ఈ ఏడే కన్వర్టర్ కొనడం, సంబంధం కుదరకముందే బారసాలకు బంధువుల్ని పిలవడం లాంటిది కూడా కాదు, అంతకంటే ఖరీదు. పైగా పెట్టె మీద రాసిన 3,000 శాసనమేమీ కాదు. అదే కన్వర్టర్ బలమైన ఇంజన్ వెనక పెడితే స్టాల్ ఇంకా పైకి పోతుంది, నీరసపు ఇంజన్ వెనక కిందికి దిగుతుంది. అందుకే బుద్ధిమంతుడైన తయారీదారు ముందు బండి జాతకం అడుగుతాడు: ఇంజన్ టార్క్, బరువు, వెనక యాక్సిల్ నిష్పత్తి, టైరు ఎత్తు, వాడకం.

ఆ జాతకం ఫారం మేమిద్దరం కూర్చుని నింపాం. బరువు దగ్గర వాడు సుమారు 1,700 కిలోలని రాశాడు. మా అక్కను, ఆవిడ ఊరగాయ జాడీలను కలపమన్నాను. 'గంటకు 60 మైళ్ళ వేగంలో ఆర్‌పీఎం ఎంత' అన్న ప్రశ్న దగ్గర కలం ఆగింది. శాలిబండలో 60 మైళ్ళా? పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు ఉంది గానీ అది పాతబస్తీని తప్పించుకుపోయేవాళ్ళ దారి. 2025 జనవరిలో తెరిచిన ఆరాంఘర్–జూపార్క్ ఫ్లైఓవర్ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. దానిమీద మనకంటే ముందు కెమెరాలు పరుగెడతాయి. 'వాడకం: రోడ్డా, రేసా' అని అడిగితే మా వాడు రెండింటికీ టిక్కు పెట్టాడు. ఏ రేసు? హైదరాబాద్ నడివీధుల్లో జరిగిన ప్రపంచ స్థాయి రేసు 2023 ఫిబ్రవరి నాటి ఫార్ములా ఈ. ఆ బండ్లన్నీ కరెంటువి, వాటికి టార్క్ కన్వర్టరే ఉండదు.

మా గల్లీ కుర్రాళ్ళు అంతకు రెండాకులు ఎక్కువే చదివారు. ఏఎంటీ బండి ఉన్నవాడొకడు, డీఎస్‌జీ ఉన్నవాడొకడు "అన్నా, మాకూ ఒకటి తెప్పియ్యి" అని వచ్చారు. లేని పన్ను పీకించుకుంటామంటే ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? ఆ రెండింట్లోనూ క్లచ్చులే పనిచేస్తాయి. మరొకడు గురువారం నాడు జుమ్మేరాత్ బజార్‌లో వెతుకుదామన్నాడు. అక్కడ దొరకని వస్తువు లేదని నేనూ నమ్ముతాను. కానీ కన్వర్టర్ చుట్టూ వెల్డింగ్ చేసిన డబ్బా, లోపల ఏం విరిగిందో చూపుకు ఆనదు. చెవి దగ్గర పెట్టి ఊపి చూసేందుకు అదేం కొబ్బరికాయ కాదు.

అసలు భయపెట్టేది వేడి. స్టాల్ ఎక్కువున్న లూజు కన్వర్టర్‌లో రెండు చక్రాలూ ఎంత జారితే నూనె అంత కాగుతుంది. హైవే మీద లాకప్ క్లచ్ పడి రెంటినీ కట్టేస్తుంది, జారుడు ఆగుతుంది. మదీనా నుంచి చార్మినార్ దాకా లాకప్‌కు ఆ అదృష్టం ఎక్కడిది? గేర్‌బాక్స్ నూనె 80, 90 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుంది; 120 దాటితే మాడడం మొదలవుతుంది. రంజాన్ నెలలో, రాత్రి పదకొండు గంటలకు పత్తర్‌గట్టీలో బండి నడిపినవాళ్ళకు మిగతాది చెప్పనక్కర్లేదు.

బండిని మార్చుకోవడం పాతబస్తీకి కొత్తేం కాదు. ఉస్తాద్ షెడ్డుకు దగ్గర్లోనే సుధా కార్స్ మ్యూజియం ఉంది. అక్కడ వంకాయ కారు, బూటు కారు, క్రికెట్ బంతి కారు నిజంగా నడుస్తాయి. వాటిని తయారుచేసిన సుధాకర్‌గారే 2005లో 41 అడుగులు దాటిన మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్‌కెక్కారు. వంకాయను చూసినవాడెవడూ దాని స్టాల్ ఎంతని అడగడు, చూశారా, అదీ గొప్పతనం. చౌమహల్లాలోని నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌నూ ఎవరూ అడగరు.

చివరికి ఉస్తాద్ తీర్పు చెప్పాడు. "క్యామ్ వేసినంక రా. అప్పటిదాకా పెద్ద ఆయిల్ కూలర్ పెట్టుకో. ఎక్కడన్నా ఏపిస్తే మాత్రం, కన్వర్టర్ ఎక్కించేటప్పుడు టక్, టక్, టక్ అని మూడుసార్లు కూర్చున్నదా చూడు. మూడోది కూర్చోకుండ బోల్టులు బిగిస్తే పంపు ఖతం." కంపెనీ లెక్కకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పిందని నేను నా వంతు చేర్చాను. కోర్టుకు వెరవని మేనల్లుడు మూడు టక్కుల మాటకు తగ్గాడు.

ఇప్పుడు మస్టాంగ్‌లో కంపెనీ కన్వర్టరే ఉంది, కూలర్ మాత్రం కొత్తది. స్టాల్ తక్కువున్న టైట్ కన్వర్టర్ కాబట్టి బ్రేకు వదిలితే చాలు, బండి మనిషి నడకతో మెల్లగా పాకుతుంది. బరాత్‌కు అంతకంటే మంచి గుణం లేదు. పెళ్ళికొడుకున్న ఇంటివాళ్ళు ముందుగా కబురు పెట్టండి. బండి ఉచితం, పెట్రోలు మీదే.