మూడు బస్తాల మోటారు

కొత్త కరెంటు బండి కొనేవాడికి ఉన్న కష్టం ఒక్కటే, రంగు. మిగతాదంతా కంపెనీవాడు ముందే తేల్చేసి ఉంటాడు. ఉన్న పెట్రోలు బండిని కరెంటుకి మార్చుకుందామనుకునేవాడికి రంగు తప్ప అన్నీ కష్టాలే. అందులోనూ ఆ బండి టీవీఎస్ ఎక్సెల్ సూపర్ అయి, దాని యజమాని మా నాన్న అయితే, ఓల్టులూ ఆంపియర్లూ ఒక లెక్కలోవి కావు.

తెనాలి చుట్టుపక్కల ఎక్సెల్‌ని మోపెడ్ అనడం దాన్ని చిన్నబుచ్చడమే. అది లారీ. కాళ్ల దగ్గర ఖాళీలో వడ్ల బస్తా, వెనక రెండు పాల క్యాన్లు, వాటిమీద పచ్చగడ్డి మోపు. మోపు దానంతటదే కదిలొస్తున్నట్టుంటుంది, కింద మనిషి ఉన్నాడని నమ్మి మనం పక్కకి తప్పుకోవాలి. 1972లో లూనా వచ్చి మోపెడ్‌కి మన దేశంలో పేరు తెచ్చింది. 1980లో టీవీఎస్ 50 వచ్చి దాని మీద ఇద్దరు కూర్చోవచ్చని చూపించింది. దాని మీద ఏమైనా ఎక్కించవచ్చన్నది మాత్రం మా వాళ్లు సొంతంగా కనిపెట్టింది.

మోటారు ఎన్ని వాట్లుండాలి, ఎంత స్పీడు పోతుంది అని మొదలెడతారు అందరూ. నన్నడిగితే బరువు దగ్గర మొదలెట్టాలి. అందుకే నాన్నని అడిగాను.

"బండి మీద మామూలుగా ఎంత బరువేస్తావు నాన్నా?"

"పట్టినంత."

"అదే, ఎంత పడుతుంది?"

"రెండు బస్తాలు. పండక్కి మూడు."

"పండక్కి మూడోది ఎందుకు?"

"మీరంతా దిగుతారుగా!"

వడ్ల బస్తా 75 కేజీలు. రెండు బస్తాలు, నాన్న, బండి కలిపి 280 కేజీలని రాసుకున్నాను. మూడో బస్తా రాయలేదు, పెన్ను రాలేదు.

ఇంతలో మా బావమరిది దిగాడు. వాడికి అన్నీ తెలుసు. "250 వాట్ల మోటారు పెట్టెయ్ బావా, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు" అన్నాడు. ఆ రూలు ఉన్నమాట నిజమే. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కేజీలకి మించకూడదు. కానీ అది పుట్టుకతోనే అలా పుట్టిన బండ్లకి. ఆర్సీ ఉన్న ఎక్సెల్‌కి ఇంజను పీకేసి ఏదో ఒకటి బిగించేస్తే కుదరదు. ఏఐఎస్-123 అనే ప్రమాణం ప్రకారం పరీక్ష నెగ్గిన కిట్టే పెట్టాలి, ఆర్టీవో ఆఫీసులో ఆ మార్పు ఆర్సీకి ఎక్కించాలి, ఇన్సూరెన్సువాడికీ చెప్పాలి. ఈ సంగతి చాలామంది బండి పూర్తయ్యాక తెలుసుకుంటారు.

చట్టం సరే, కాలువకట్ట మాటేమిటి? మా పొలానికి వెళ్లాలంటే కట్టెక్కాలి. పదికి ఒకటి వాటం అనుకుందాం. 280 కేజీలని గంటకి పది కిలోమీటర్ల చొప్పున పైకి లాగాలంటే ఎత్తుకే 760 వాట్ల పైన కావాలి. బావమరిది చెప్పిన 250 వాట్లూ మొత్తం చక్రానికే చేరినా గంటకి మూడు కిలోమీటర్లు. వెనకాల తోలుకొచ్చే గేదెలు ఓవర్‌టేక్ చేస్తాయి. ఎక్సెల్ సూపర్ ఇంజను మూడున్నర హార్స్‌పవరు, అంటే దాదాపు 2600 వాట్లు. చక్రం మధ్యలోనే ఉండే హబ్ మోటారుకి ఉన్న చోటునుంచి కదిలేటప్పుడే మంచి లాగుడు ఉంటుంది కాబట్టి అంత అక్కర్లేదు, 1500 చాలనుకున్నాను. 2024లో లూనా కరెంటు బండిగా తిరిగొచ్చినప్పుడు 1200 వాట్ల హబ్ మోటారుతోనే వచ్చింది. మోసే బరువు 150 కేజీలని కంపెనీ చెప్పింది. అది నాన్నకి చదివి వినిపిస్తే, "నన్ను కలిపా, కలపకా?" అన్నాడు.

మోటారు చూడ్డానికి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. కొట్టులో కుర్రాడు చక్రానికి బిగించిన హబ్ మోటారు నేలమీద పెట్టాడు. దాని యాక్సిల్లోంచి పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మూడు లావు వైర్లు బయటికొచ్చాయి. వాటి పక్కన దారాల్లాంటి సన్న వైర్లు అయిదు. లావు వైర్లు విడివిడిగా ఉంచి చక్రం తిప్పమన్నాడు. తేలిగ్గా తిరిగింది. మూడింటి కొసలూ ఒకచోట కలిపి పట్టుకుని, "ఇప్పుడు తిప్పండి సార్" అన్నాడు. తిరగనని భీష్మించింది. నేను తిప్పడంవల్ల పుట్టిన కరెంటే నా చేతికి అడ్డం పడుతోందన్నమాట. దాన్ని లెంజ్ సూత్రం అంటారని ఏటా ఇంటర్ పిల్లలకి బోర్డు మీద రాసేది నేనే. మణికట్టు కలుక్కుమనేలా తెలియడం మాత్రం అప్పుడే. ఆ కుర్రాడు లెంజ్ పేరెత్తలేదు. "మోటారు బతికే ఉంది సార్" అన్నాడు.

అక్కడికొచ్చిన వాళ్లంతా అడిగేది స్పీడే. అదే సైజు మోటారులో లోపలి రాగితీగ చుట్ట మారిస్తే స్పీడు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. రెండూ కావాలంటే ఎక్కువ ఆంపియర్లు తోలాలి, తోలితే మోటారు కాగుతుంది. ఎక్సెల్ చక్రం నిమిషానికి అయిదొందల చుట్లు తిరిగితే గంటకి యాభై కిలోమీటర్లు. వడ్ల బస్తాకి అంతకన్నా తొందరేముంది? నిదానంగా తిరిగే చుట్టే తీసుకోవాలి. కొట్టువాడికి ఈ బేరం నచ్చలేదు. అతని దగ్గర నిలవున్నది స్పీడుది.

కంట్రోలరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అది బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని ఆ మూడు వైర్లకీ వంతులవారీగా పంచుతుంది. వైర్ల రంగులు కలిసినంత మాత్రాన సరిపోదు. కలపడంలో తేడా వస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది. చాలా కంట్రోలర్లలో కావాలని వెనక్కి తిప్పడానికి విడిగా ఒక వైరు కూడా ఉంటుంది. ఈ ముక్క యథాలాపంగా అన్నానో లేదో నాన్న లేచి కూర్చున్నాడు. "అంటే బస్తాలతో దొడ్లోంచి వెనక్కి దానంతటదే వస్తుందా?" అప్పటిదాకా నేను చెప్పిన కాలుష్యం, పెట్రోలు రేటు, దేశభవిష్యత్తు ఏవీ చెయ్యని పని ఆ ఒక్క వైరు చేసింది.

అసలు రామాయణం బ్యాటరీ దగ్గర. సీసం బ్యాటరీలు చవక. కానీ 12 ఓల్టులవి నాలుగు పెడితే ముప్పై అయిదు కేజీలు. అర బస్తా! పైగా మా రోహిణి కార్తె ఎండలకి అవి మనుషులకంటే ముందు నీరసపడతాయి. లిథియంలో ఫాస్ఫేటు రకం వేడికి ఓర్చుకుంటుంది, అదే తీసుకోవాలి. ఒక్కో సెల్లు 3.2 ఓల్టులు, పదహారు వరసగా కలిపితే 51.2. నిండా చార్జయితే 58.4. దాన్నే బజార్లో 48 ఓల్టుల బ్యాటరీ అంటారు, వయసు తగ్గించి చెప్పే పెళ్లికొడుకు టైపు. అన్ని సెల్లుల మీదా కాపలా కాసేది బీఎంఎస్ అనే చిన్న పలక. పదహారింటిలో ఏ ఒక్క సెల్లు ఓల్టేజీ అడుగంటినా అది మొత్తం లైనుని కట్ చేసేస్తుంది. కట్ట సగం ఎక్కాక ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. కంట్రోలరు లాగేది 30 ఆంపియర్లయితే బీఎంఎస్ 40 తట్టుకునేది ఉండాలి. ఇంట్లో వాడే ఎంసీబీని ఈ బ్యాటరీకి తగిలించేవాళ్లున్నారు. వద్దు. డీసీ కరెంటు కట్ అయ్యేటప్పుడు లేచిన మంట తొందరగా ఆరదు, డీసీ ఎంసీబీయే పెట్టాలి.

ఈ బ్యాటరీ 30 ఆంపియర్ అవర్లదైతే అందులో పట్టేది యూనిటున్నర కరెంటు. అంత శక్తి పెట్రోల్లో ఎంతుంటుందో లెక్కేశాను. 170 మిల్లీలీటర్లు, క్వార్టరు సీసాకి ఇంకా కాస్త వెలితి! కాకపోతే ఇంజను ఆ పెట్రోల్లో అయిదింట నాలుగొంతులు వేడికీ పొగకీ తగలేస్తుంది, మోటారు అలా తగలెయ్యదు. కాబట్టి బరువుతో నలభై కిలోమీటర్లు నమ్మకంగా వస్తాయి. నాన్న ఇదంతా విని, పదిహేను కేజీల డబ్బా ఎక్కడ పెడతావన్నాడు. కాళ్ల దగ్గర ఖాళీ అని నోరు తెరవబోయాను. ఆ చూపుకి నోరు మూసుకుని, ఇంజను తీసిన చోట రేకు పెట్టె చేయిద్దామన్నాను.

మెకానిక్ బాబాయి ఇదంతా మొదట్నుంచీ కొట్టిపారేస్తూనే ఉన్నాడు. అయినా యాక్సిల్ దగ్గర ఆయన మాటే విన్నాను. హబ్ మోటారు యాక్సిల్ తిరగకూడదు. ఫోర్కు పంటిలో పట్టు వదిలి అది గిర్రున తిరిగిందంటే వైర్లు పురి తిరిగి తెగిపోతాయి. రెండు పక్కలా ఇనప పట్టీ వేసి ఫోర్కుకి కట్టెయ్యాలన్నాడు. హ్యాండిలు పట్టుకుని ఊపి చూసి, "బండి బానే ఉంది అబ్బాయ్, నీకెందుకీ పిచ్చి" అని కూడా అన్నాడు.

అన్నీ కలిపి ధర వేస్తే మా ఊళ్లో రెండు సెకండ్‌హ్యాండ్ ఎక్సెళ్లు వస్తాయి. ఆ కాగితం నాన్నకి చూపించడానికి ఇంకా ముహూర్తం కుదరలేదు. ఈలోగా తీసేయబోయే ఇంజను గురించి ఊరంతా వాకబు మొదలైంది. పక్క పొలం ఆయన మందు కొట్టే మిషనుకి కావాలన్నాడు. పాలకేంద్రం అతను కలుపు మిషనుకన్నాడు. బావమరిది దేనికో చెప్పకుండా తనకే ఇవ్వమన్నాడు. వీళ్లందరికీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంజనుకి మెకానిక్ బాబాయి ఎప్పుడో అడ్వాన్సు ఇచ్చేశాట్ట, నాన్న చేతికి.