ఫ్లెక్సీ అడుగున నంబరు

మా పాలకుర్తిలో దేనికి కొదవ ఉన్నా అవగాహనకు మాత్రం లేదు. జూన్ 26 వచ్చిందంటే, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం గనక, పొద్దున్నే టెంటు లేస్తుంది. మైకు గొంతు సవరించుకుంటుంది. కాలేజీ పిల్లల్ని క్లాసుల్లోంచి తోలుకొచ్చి కుర్చీల్లో కూలేస్తారు. వేదిక వెనకాల ఫ్లెక్సీ. దాని మీద 'మాదకద్రవ్య దుర్వినియోగ నిరోధక యువజన మానసిక వికాస సామాజిక ఆరోగ్య చైతన్య సదస్సు' అని రాసి ఉంటుంది. ఒక్క గుక్కలో చదివినవాడికి ప్రాణాయామం అయిపోయినట్టే. సదస్సు లక్ష్యంలో సగం అక్కడే నెరవేరుతుంది.

మొన్నటి సదస్సులో ఆ అక్షరాల కింద పద్నాలుగు ముఖాలున్నాయి. లెక్కపెట్టాను, ఉపన్యాసాలు సాగుతుంటే అంతకన్నా పనేముంటుంది? ముఖాలన్నిటికీ అడుగున, చట్రానికి మేకులు కొట్టే అంచులో, ఆవగింజంత అంకెలు: 14416. అది టెలి మానస్. మనసు బాగాలేనివాళ్లు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసుకోవడానికి కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ. సదస్సు మొత్తమ్మీద పనికొచ్చే ముక్క అదే గనక ఎవరి కంటా పడకుండా తగిన జాగ్రత్త తీసుకున్నారు.

ఇది పాల్కురికి సోమనాథుడి ఊరు. పండితులకే కాదు, పామరులకూ అందాలని జాను తెనుగు కోసం పట్టుబట్టి, బసవ పురాణాన్ని ద్విపదలో రాసిన మనిషి ఆయన. శతాబ్దాలు గడిచాక, అదే ఊళ్లో, సోమేశ్వరుని గుట్ట నీడన, ఇంటర్ పిల్లాడికి తాగుడు సంగతి చెప్పాలంటే మాకు నాలుగు సమాసాలు, రెండు సంధులు కావలసి వస్తున్నాయి. అసలు తాగేవాడి ముందు 'దుర్వినియోగం' అంటే ఏం లాభం? వాడు సీసాలో చుక్క మిగల్చడు. వాడి లెక్కలో అది సద్వినియోగమే.

మొదటి వక్త సెల్‌ఫోన్ వ్యసనం మీద మాట్లాడాడు. మాట్లాడిందంతా ఫోన్లో రికార్డు చేయించి, పిల్లలందరూ తమ గ్రూపుల్లో పెట్టాలని కోరాడు. రెండో వక్త ఒత్తిడి తగ్గించుకునే మార్గాల గురించి గంటా నలభై నిమిషాలు చెప్పాడు. ఆయన ముగించగానే ఒత్తిడి నిజంగానే తగ్గింది. మూడో వక్త తన కాలంలో ఒత్తిళ్లే లేవనీ, బండెడు చాకిరి చేసి బువ్వ తిని పడుకునేవాళ్లమనీ చెప్పి, రక్తపోటు మాత్ర వేసుకునే వేళైందని దిగిపోయాడు. ఒక్క పోలీసాయన మాత్రం రెండే నిమిషాల్లో తేల్చేశాడు. గంజాయి అమ్ముతున్నట్టు తెలిస్తే 1908కి చెప్పండి, మీ పేరు బయటికి రాదు అని. చప్పట్లు పడలేదు. అంత తొందరగా అయిపోతుందని ఎవరూ అనుకోలేదు.

ఆఖర్న ప్రతిజ్ఞ. అందరూ లేచి కుడిచెయ్యి ముందుకు చాచి, మత్తుకు దూరంగా ఉంటామని ప్రమాణం చేశారు. మా దగ్గర చాలా ఊళ్లలో మత్తుకూ మనిషికీ మధ్య ఉన్న దూరం సరిగ్గా అంతే. చాచిన చెయ్యంత.

సభ అయిపోయాక టెంటు విప్పే పిల్లగాడు దగ్గరికొచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. డిగ్రీ మధ్యలో ఆపి టెంటు హౌసులో చేరాడు. తొర్రూరు, కొడకండ్ల, దేవరుప్పుల, ఎక్కడ సభ జరిగినా కుర్చీలు వేసేది వీడే.

"అన్నా, ఇప్పటికి పదకొండు సదస్సులు కట్టిన. లివర్ ఎట్ల ఖరాబైతదో నన్ను మైకు ముందల నిలబెట్టు, సార్లకన్న మంచిగ చెప్త" అన్నాడు. కాసేపు తాడు చుట్టి, మళ్లీ అడిగాడు. "మానాలంటే ఏడికి పోవాల్నో ఒక్కలు చెప్పలే. నీకేమన్న ఎర్కనా?"

నేను చాలా బాధ్యతగల కాలమిస్టును. "ఫ్లెక్సీ మీద నంబరుంది చూడు" అన్నాను. అప్పటికే దాన్ని చుట్టచుట్టి ఆటోలో వేశారు.

వీడి కథ పెద్దదేం కాదు. ఫోన్లో పందేల యాప్ పట్టుకున్నాడు. మొదటి వారం రెండు వేలు వచ్చాయి, మూడో నెలకు నలభై వేలు పోయాయి. అమ్మకు చెప్పలేదు. సిగ్గు దాచుకోవడానికి సాయంత్రం ఒక క్వార్టర్, క్వార్టర్ దాచుకోవడానికి నోట్లో ఒక గుట్కా. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. చట్టం వచ్చేనాటికి వీడు బడిపిల్లాడు. ఇద్దరూ కలిసే పెరిగారు గానీ ఒకరికొకరు ఎన్నడూ ఎదురుపడలేదు. అలాంటి యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు పాతికమంది తారలు, యూట్యూబర్ల మీద కేసు పెట్టారు. దానికి ముందటేడు జూలైలో ముఖ్యమంత్రి సినిమావాళ్లకు ఇంకో షరతు పెట్టారు. టికెట్ రేటు పెంచమని అడగాలంటే ముందు డ్రగ్స్ వద్దని చెప్పే చిన్న వీడియో తీసివ్వాలని. మంచి మాటకు మా రాష్ట్రంలో ధర లేదని ఇక ఎవరూ అనలేరు. టికెట్‌లో కలిపి వసూలు చేస్తారు.

సర్కారును అనుమానించకండి, దానికీ చాలా అవగాహన ఉంది. రాష్ట్రంలో మద్యం షాపులు 2,620. 2025లో లాటరీ పెడితే 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు 2,800 కోట్లు దాటాయి. డిసెంబరు 1న కొత్త షాపులు తెరుచుకున్నాయి, 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ముహూర్తం పెట్టిన అయ్యగారికి దండం పెట్టాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో లెక్కతీస్తే తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది తాగుతామన్నారు. మిగతా 57 మంది సదస్సుల్లో మాట్లాడుతుంటారు కాబోలు.

లైసెన్సు షాపు సంగతి అలా ఉంచండి. నేను గౌరవించేది బెల్టు షాపును. దానికి లైసెన్సు లేదు, బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు. ఉన్నట్టు ఏ కాగితంలోనూ ఉండదు. కానీ ఏ ఊళ్లోనైనా ఆరేళ్ల పిల్లాణ్ని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఇంటి ముందు నిలబెడతాడు. అర్ధరాత్రి తలుపు కొట్టినా తీస్తారు. చేతిలో పైసల్లేకపోతే ఖాతాలో రాసుకుంటారు. నీ కులం అడగరు, నీ మార్కులు అడగరు. గ్లాసు ముందు పెట్టి, "ఏమైందే, గట్లున్నవ్?" అంటారు. పత్తి పురుగు తినిపోయిందని, పెళ్లి సంబంధం తప్పిపోయిందని, గ్రూప్స్ మళ్లీ పోయిందని చెబితే ఓపిగ్గా వింటారు. రెండు రోజులు కనబడకపోతే మూడోరోజు మనిషిని పంపి మరీ కనుక్కుంటారు.

ఇంటి దగ్గర అందుబాటు, ఇరవై నాలుగు గంటల సేవ, చెప్పుకుంటే వినే చెవి, వదలకుండా వాకబు. ఏ ఆరోగ్య పథకమైనా కాగితం మీద రాసుకునేవి ఇవే. మా దగ్గర ఇవన్నీ నిజంగా అమలు చేస్తున్నది బెల్టు షాపాయన ఒక్కడే. ఆయన ఫీజు మాత్రం మనిషి ప్రాణం. అదీ ఒకేసారి అడగడు, వాయిదాల్లో కట్టించుకుంటాడు.

ఇప్పుడు అదే ఆరేళ్ల పిల్లాణ్ని పిచ్చి డాక్టరు ఎక్కడుంటాడని అడగండి. 'ఎర్రగడ్డ' అని నవ్వుతాడు. హైదరాబాదులో మానసిక ఆరోగ్యానికి పెద్ద సర్కారు దవాఖానా ఉన్న పేట పేరును మనం తిట్టుగా మార్చుకున్నాం. మనసుకు బాగాలేక అక్కడికి పోవాల్సినవాడు, ఆ తిట్టుకు భయపడి బెల్టు షాపుకు పోతాడు. అక్కడికి పోతే మాత్రం ఎవరూ నవ్వరు.

టెంటు పిల్లగాడు ఇంకో మాట చెప్పాడు. "ఒకపారి కసిపట్టి రెండు రోజులు ముట్టలే అన్నా. చేతులు గజగజ వణికినయ్, నిద్ర లేదు, గోడ మీద ఏందేందో కనవడ్డయ్. మళ్ల పట్టిన." ప్రతిజ్ఞ చేయించేవాళ్లకు తెలియని సంగతి ఇది. రోజూ పడే మందుకు ఒళ్లు అలవాటుపడ్డాక, ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్, మతి తప్పడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం. అందుకే డాక్టరు కొన్నాళ్లు మాత్రలిచ్చి, కనిపెట్టుకుని మాన్పిస్తాడు. 2015లో మత్తుమందు కలిపిన కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు దవాఖానాలు ఇలాంటివాళ్లతో నిండిపోయాయి. వాళ్లు కల్లనుకుని తాగింది అల్ప్రాజోలం నీళ్లు. దాడులు చేసినవాళ్లకు చట్టం మీద అవగాహన ఉంది, తాగినవాళ్లకు వణుకు మీద ఉంది. రెండు అవగాహనలూ కలిసింది దవాఖానా వరండాలో.

మానడం మావాళ్లకు చేతకాదనుకునేరు. ప్రతి కార్తీకంలో చూడండి. నిన్నటిదాకా మోరీ పక్కన దొరికిన మనిషి నల్లబట్టలు కట్టి, మెడలో మాల వేసి, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా ఉంటాడు. అదెలా సాధ్యమైంది? దేవుడి మహిమే, కాదనను. అయితే దేవుడితోపాటు ఊరు చేసే పనులు కూడా ఉన్నాయి. నిన్న "ఒరేయ్" అన్నవాళ్లంతా ఇవాళ "స్వామీ" అంటారు. సాయంత్రం ఆరింటికి గ్లాసు పట్టే చెయ్యి భజనలో తాళం పడుతుంది. తోటి స్వాములు పొద్దున్నే వచ్చి లేపుతారు, బువ్వ కలిసి తింటారు, కాలు జారితే పట్టుకుంటారు. ఇంట్లో ఆడమనిషి నలభై రోజులు నిశ్చింతగా పడుకుంటుంది. నలభై రెండోనాడు మాల తీస్తాడు. ఆ సాయంత్రం మనమే ఎదురెళ్లి, "దీక్ష అయిపోయింది గదనే, దావత్ ఎప్పుడు?" అని అడుగుతాం. స్వామి మళ్లీ 'ఒరేయ్' అవుతాడు.

తోడు నిలబడటం ఈ మట్టికి కొత్తేం కాదు. విసునూరు దొర మనుషులు మా పాలకుర్తి చాకలి ఐలమ్మ పంటను ఎత్తుకుపోతామని వచ్చినప్పుడు, సంఘంవాళ్లు ఆమెకు భూస్వామ్య దౌర్జన్యం మీద అవగాహన సదస్సు పెట్టలేదు. చేన్లో దిగి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఆ తర్వాత కూడా శాలువాలు కప్పుకోలేదు.

అవగాహన పనికిరాదనడం లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో పనికొచ్చింది. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లకు సీతమ్మ అనే ఆమె బతుకు సారా వల్ల ఎలా కూలిందో పాఠంగా వచ్చింది. అది చదివి వాళ్లు చప్పట్లు కొట్టలేదు, "ఇది మా ఇంటి కథే గదా" అనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకున్నారు. తమలో ఒకరైన రోశమ్మ వెంట నడిచి సారా దుకాణం మూయించారు. ఆ మంట జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా బందైంది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సర్కారుకు ఖజానా మీద అవగాహన కలిగింది, అది వేరే సంగతి. దూబగుంటలో ముఖ్య అతిథి లేడు. ఉన్నదల్లా తమ మాట తాము మాట్లాడుకున్న ఆడవాళ్లు. మన సదస్సుల్లో పిల్లల నోటికి దొరికే ఒకే ఒక్క అవకాశం ప్రతిజ్ఞ. అదీ మనం రాసిచ్చిందే.

వారం తర్వాత వాన పట్టింది. టెంటు పిల్లగాడు ఫోన్ చేసి, "అన్నా, ఫ్లెక్సీ దొరికింది, రా" అన్నాడు. వాళ్ల పెద్దనాయన బర్ల కొట్టం మీద కప్పారు. పద్నాలుగు ముఖాలూ కిందికి తిరిగి, బర్లకు అభయమిస్తున్నాయి. సదస్సు పెట్టాక ఆ ఫ్లెక్సీ ఎవర్నైనా కాపాడిందంటే ఇదే మొదలు. మేమిద్దరం నడుం వంచి చూరు కిందికి దూరాం. పేడ మరకను వాడు వేలితో తుడిచి, ఒక్కో అంకె చదువుతూ నొక్కాడు. స్పీకరు పెట్టాడు. కాసేపు ఏవో మాటలు, ఏ భాష కావాలో నొక్కమన్నారు. ఆ తర్వాత ఒక ఆడగొంతు తెలుగులో, ఏ సమాసమూ లేకుండా, "చెప్పండి, ఏమైంది?" అంది.

వాడు నా మొహం చూశాడు. పదకొండు సదస్సుల్లో వాణ్ని ఎవరూ ఆ మాట అడగలేదు. గొంతు పెగలడానికి కాస్త టైం పట్టింది. అవతలివాళ్లు ఆగారు. నేను స్పీకరు తీసేసి, ఫోను వాడి చెవికి ఆనించి, వానలోకి బయటికొచ్చి నిలబడ్డాను.

కొట్టంలోంచి మాట్లాడుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. తొంగిచూస్తే బర్రె ఒకటి నెమరు ఆపి వాడి వంకే చూస్తోంది. మా మండలంలో ఒక పిల్లగాడు చెబుతుంటే అంత శ్రద్ధగా విన్న ప్రాణిని నేనింతవరకు ఏ వేదిక మీదా చూడలేదు.