కరెంటుతో అయస్కాంతాన్ని తిప్పేవారికి అందే తప్పుడు సలహాలు

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి సాఫ్ట్‌వేర్ ఊరు హైదరాబాద్ ఇప్పుడు చిప్‌ల ఊరు కూడా. క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ అన్నీ ఇక్కడున్నాయి. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎంరామ్ (అయస్కాంత మెమరీ) సిమ్యులేషన్ మొదలుపెట్టే పిల్లలకు సలహాలకు కొదవ లేదు. వాటిలో కొన్ని వినకూడనివి.

ఎంరామ్ బిట్ అంటే రెండు అయస్కాంత పొరలు, మధ్యలో నానోమీటరు మందాన మెగ్నీషియం ఆక్సైడ్. ఒక పొర దిశ మారదు. దాని గుండా వచ్చిన ఎలక్ట్రాన్లు తమ స్పిన్‌తో రెండో పొరను మెలితిప్పి తలకిందులు చేస్తాయి. ఇది సాధ్యమని స్లోంచెవ్‌స్కీ, బెర్జర్ 1996లో విడివిడిగా చెప్పారు.

“టెంపరేచర్ సున్నా పెట్టెయ్, గ్రాఫ్ నున్నగా వస్తుంది.” అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. రెండు పొరల దిశలూ కచ్చితంగా ఒకే గీత మీద ఉంటే ఆ మెలి సున్నా. ఎంత కరెంటు పంపినా బిట్ తిరగదు. అప్పుడు రెండో సలహా వస్తుంది: “ఒక డిగ్రీ వంచి మొదలుపెట్టు.” తిరుగుతుంది నిజమే, కానీ ఆ డిగ్రీ మీరు పెట్టింది. నిజమైన బిట్‌లో అయస్కాంతత్వం గది వేడికే ఊగుతూ ఉంటుంది. తిరగడానికి దాటాల్సిన శక్తి, వేడి శక్తికి 60 రెట్లున్న బిట్‌లో ఆ ఊపు సుమారు 7 డిగ్రీలు. ఒక్కోసారి దాదాపు సున్నాకు వస్తుంది. ఆ క్షణాన పల్స్ అందుకున్న బిట్లే ఎక్కువగా తిరగకుండా మిగిలిపోతాయి. రాతలో తప్పు పుట్టేది అక్కడ. వేడిని తీసేస్తే వెతకాల్సిన చోటునే చెరిపేసినట్టు.

“దాటాల్సిన శక్తికీ వేడి శక్తికీ నిష్పత్తి 40 ఉంటే చాలు.” 27 డిగ్రీల దగ్గర 40 అంటే ఒక బిట్ సగటున ఏడేళ్లు నిలుస్తుంది. 85 డిగ్రీలకు, దాటాల్సిన శక్తి ఏమాత్రం తగ్గలేదనుకున్నా, అది 33.5కు పడుతుంది. ఏడేళ్లు కాస్తా నాలుగు రోజులవుతాయి! నిజానికి వేడికి ఆ శక్తి కూడా తగ్గుతుంది. కారులో పెట్టే చిప్‌కు ఈ లెక్క ముందే వేయాలి.

“వంద రన్‌లూ తిరిగాయి, రాసెయ్.” వందకు వంద తిరిగినా నూటికి మూడు తప్పే అవకాశాన్ని మీరింకా కొట్టేయలేరు. పది లక్షల్లో ఒక్క తప్పే అని గట్టిగా చెప్పాలంటే, ఒక్కటీ తప్పకుండా 30 లక్షల రన్‌లు కావాలి. ముమాక్స్3 సిమ్యులేటర్ ఎన్‌విడియా కార్డు మీద ఎంత పరుగెత్తినా ఇది తేలే పని కాదు. అక్కడ మొత్తం పొరను ఒకే అయస్కాంతంగా తీసుకుని, సంభావ్యతను నేరుగా లెక్కించే ఫోకర్-ప్లాంక్ సమీకరణం వాడండి. అయితే 20 నానోమీటర్ల బిట్‌కు నప్పే ఆ సరళీకరణను 80 నానోమీటర్ల బిట్‌కు వాడకండి. పెద్ద బిట్‌లో తిరుగుడు ఒక మూల మొదలై పాకుతుంది.

మెష్ గడిని 10 నానోమీటర్లు చేయమనే మాట అసలు వినొద్దు. ఈ అయస్కాంత పొరల్లో వాడే కోబాల్ట్-ఐరన్-బోరాన్‌లో ఎక్స్‌చేంజ్ పొడవు నాలుగైదు నానోమీటర్లే. గడి అంతకన్నా చిన్నదిగా ఉండాలి.

“ఫెయిలైన రన్‌లు తీసెయ్, ప్లాట్ పాడవుతుంది.” తీయకండి. సీడ్ నంబరుతో సహా దాచి, ఒక్కొక్కటీ ఫ్రేము ఫ్రేముగా చూడండి. పెద్ద బిట్లలో తిరిగిన భాగానికీ తిరగని భాగానికీ మధ్య ఉండే గోడ సగం పాకి వెనక్కి మళ్లడం కనిపిస్తే, పల్స్ వెడల్పు ఎంత పెంచాలో తేల్చుకోవడానికి ఆ రన్‌లే పనికొస్తాయి.