జొన్నకు సర్టిఫికెట్

గ్లూటెన్ పడనివాళ్లకు ఏం పెట్టాలో డాక్టర్లకు, డైటీషియన్లకు నేర్పే సదస్సు ఓరుగల్లులో పెట్టారనుకోండి. హాలు బయట వరసగా కంపెనీల స్టాళ్లు.

మొదటి స్టాల్లో నిగనిగలాడే ప్యాకెట్: ‘గ్లూటెన్ రహిత జొన్నపిండి’.
జొన్నలో అదెప్పుడుంది గనక!
రేపు ‘ఎముకల్లేని వంకాయ’ కూడా వస్తుంది.

నిజమే, గోధుమ పట్టిన గిర్నీలోనే జొన్న పోస్తే ఆ పిండి ఈ పిండికి అంటుకుంటుంది. అందుకే ‘గ్లూటెన్ రహిత’ అని రాస్తే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రభుత్వం గీత గీసింది.
ఈ ముక్క చెప్పే స్టాలు వెతకాలి.
సంచులు పంచేది మాత్రం వెతక్కుండానే దొరుకుతుంది.

రెండో స్టాల్లో ‘ఏన్షియంట్ గ్రెయిన్ రింగ్స్’.
బియ్యప్పిండి, నువ్వులు, వాము.
మన సకినాలే! పేరు మారింది, ధర మూడింతలైంది.

హనుమకొండ రోడ్డు పక్కన పొద్దుగూకితే అవ్వ జొన్నరొట్టె చరుస్తుంటుంది.
బ్యానర్ లేదు, బ్రోచర్ లేదు. డాక్టరు గారు కారాపి నాలుగు కట్టించుకుపోతారు.
ఆమెను సదస్సుకు పిలవరు. విజిటింగ్ కార్డు లేదు మరి.

టీ విరామం. సమోసా, గోధుమ బిస్కెట్లు.

భోజనాల వేళ. పూరీలు పొంగుతున్నాయి.
గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్న ప్రతినిధి ఒకాయన తెలివిగా పక్కకు జరిగి అన్నం, సాంబారు పెట్టించుకున్నాడు.
సాంబారు ఘుమఘుమలాడుతోంది. ఇంగువ దండిగా పడింది.
వంటవాడి చేతిలో ఇంగువ డబ్బా. దాని మీద చీమతలకాయంత అక్షరాలు: ‘గోధుమపిండి కలిసినది’.