చెక్ ట్రేలో అరిసె

మా నెల్లూరు సముద్రం పక్కన తిండి కొలిచి పెట్టేది ఒక్క జీవికే. రొయ్యకి. మైపాడు రోడ్డు పట్టుకుని ఇందుకూరుపేట దాటి చూడండి, గుంటల మీద గుంటలు. మేత చల్లిన రెండు గంటలకి, నీళ్ళలో దించిన చెక్ ట్రే పైకి లాగి చూస్తారు. మేత మిగిలుంటే తర్వాతి పూటకి తగ్గిస్తారు, ట్రే ఖాళీగా వస్తే పెంచుతారు. వారానికోసారి వల విసిరి నాలుగు రొయ్యలు తూకమేసి, కిలోకి ఎన్ని తూగితే అదే కౌంట్ అంటారు. కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే లెక్కకి ఎఫ్‌సీఆర్ అని పేరు. 2009లో వనామీ రొయ్య రాకముందు, టైగర్ రొయ్య రోజుల నుంచీ మా అన్నకి ఇదంతా కంఠోపాఠం.

మొన్న సంక్రాంతికి ఆ లెక్క గుంట గట్టు దాటి మా వంటింట్లోకి వచ్చింది. బెంగుళూరు నుంచి దిగిన మా మేనల్లుడి ఫోన్లో, క్యాలరీలు లెక్కేసే యాప్‌గా.

భోగికి ముందురోజు వదిన అరిసెలు వండుతోంది. బాణలిలోంచి తీసిన అరిసెని రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి ఒత్తుతుంటే, నూనె సన్నటి ధారగా కింద గిన్నెలోకి కారుతోంది. వీడు పీట లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"అత్తా, ఒక అరిసెకి నూనె ఎన్ని గ్రాములు పడుద్ది?"

వదిన తల తిప్పలేదు. కాలితో గిన్నె కాస్త ముందుకి నెట్టింది. "కారింది ఇంత అబ్బయ్యా. పోసింది ఆ డబ్బాలోది. మిగతాది అరిసెల్లో ఉంది. ఇంజినీరువి గదా, తీసివేతలు నువ్వే చేసుకో."

యాప్ ఇంకో ప్రశ్న వేసింది. అరిసె చిన్నదా, మధ్యస్థమా, పెద్దదా? మా ఇంట్లో అరిసెకి ఒకటే సైజు, వదిన అరచెయ్యంత. వాడు మధ్యస్థం నొక్కాడు. ఒక్కటే తిన్నాడు, నిజమే. అది గాక పళ్ళెంలో విరిగిన ముక్కలు ఏడెనిమిది తిన్నాడు. విరిగిన ముక్కలకి యాప్‌లో గడి లేదు, కాబట్టి అవి తిన్నట్టు కాదు.

అసలీ క్యాలరీ లెక్క ఎక్కడిదని తీస్తే, అదీ ఒక భోగిమంటే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ అనే శాస్త్రవేత్త ఆహార పదార్థాలని ఇనప పాత్రలో పెట్టి కాల్చి, ఎంత వేడి పుడుతుందో కొలిచాడు. ఒంట్లో అరక్కుండా పోయేది తీసేసి సగటు కట్టాడు. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకి నాలుగు, కొవ్వు గ్రాముకి తొమ్మిది. ఇప్పటికీ లోకం నడిచేది ఆ అంకెల మీదే. పాపం ఆయన చెప్పింది సగటు. దాన్ని పట్టుకుని, నూనె ఎంత పీల్చిందో వండిన మనిషికే తెలియని అరిసెకి చుక్క పెట్టి మరీ తర్వాతి అంకె కూడా రాసుకుంటున్నారు మనవాళ్ళు. బంగారం కొట్లో కూడా అంత నిక్కచ్చిగా తూచరు.

కనుమ నాడు ఇంకా రంజు. వంజరం పులుసు. మామిడికాయ ఇంకా దిగలేదు గనక ఉత్త చింతపండు పులుపే, పైన నువ్వుల నూనె తేలుతూ మట్టిసట్టిలో కుతకుతమంటోంది. వీడు ఫోన్లో వెతికాడు. 'ఫిష్ కర్రీ, ఒక కప్పు' అని దొరికింది. ఏ చేప? అడగలేదు. ఏ కప్పు? అదీ లేదు. మా ఇంట్లో కప్పుంది, కాఫీకి. పులుసుకి గరిటె. అన్నం ఎంత కలిపితే అంత పులుసు, పులుసు ఎంత మిగిలితే దానికి తగ్గ అన్నం. ఈ రెండింటి మధ్య తిరిగే లెక్క తేల్చే యాప్ బెంగుళూరులో ఇంకా పుట్టలేదు.

మా వైపూ తప్పుంది, దాచను. మా ఇళ్ళల్లో "చాలు" అన్న మాటకి "ఇంకొకటి వెయ్యి" అని అర్థం. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు. షుగరు మాత్ర మింగి, ఆ చేత్తోనే మలైకాజా అందుకునే మా అన్న అయితే "తింటే అరిగిపోద్దిలేరా" అని డాక్టరుకి మించి భరోసా ఇస్తాడు. ఇదీ వేళాకోళానికి తగిందే. కాకపోతే అన్న తన తిండిని శాస్త్రమని ఎప్పుడూ అనలేదు.

పండగ తిండికి ఒళ్ళు ఎంత పెరుగుతుందో తూచినవాళ్ళూ ఉన్నారు. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలో 195 మందిని చలికాలం పండగలకి ముందూ తర్వాతా తూచి చూశారు. సగటున పెరిగింది 370 గ్రాములు. పెరిగామని వాళ్ళు అనుకున్నది అంతకు చాలా ఎక్కువ. అసలు చిక్కు ఆ పెరిగిన కాస్తా తర్వాత నెలల్లో దిగకపోవడం. అంటే అడగాల్సింది అరిసెని కాదు, ఉగాదిని, వినాయకచవితిని, వాటి మధ్య వచ్చే మామూలు మంగళవారాల్ని. మావాడు బెంగుళూరులో రాత్రి పదకొండుకి బిరియానీ తెప్పించుకుంటాడని వాళ్ళమ్మే చెప్పింది. ఆ బిరియానీ యాప్‌లో ఉందా అని అడిగా. "అది వర్క్ స్ట్రెస్ మామా" అన్నాడు. ఒత్తిడితో తిన్నదానికి క్యాలరీలు ఉండవన్న సంగతి అట్‌వాటర్‌కి తట్టలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2110 కిలో క్యాలరీలు కావాలి. శ్రమ లేని ఆడమనిషికి 1660. వలలు లాగేవాడి లాంటి బరువు పని మనిషికి 3470. మావాడు మొదటి గడిలో హాయిగా కూర్చుంటాడు. వదిన ఏ గడిలోకి వస్తుందో మాత్రం నాకు తేలలేదు. కనుమ నాడు తెల్లారి నాలుక్కి పొయ్యి ముట్టించి, పద్నాలుగు మందికి వడ్డించి, మూడున్నరకి వంటింట్లో గోడకి చేరగిలబడి తింది. అడుగున మిగిలిన పులుసు, తోక ముక్క, చల్లారిన అన్నం. అది ఎన్ని గ్రాములని ఎవ్వరూ అడగలేదు, ఫోను పట్టుకు తిరిగినవాడితో సహా.

ముక్కనుమ పొద్దున, విడిగా దాచిన నిన్నటి పులుసు బయటికి తీశారు. నెల్లూరులో చేపల పులుసు వండిన రోజు పులుసు కాదు, మర్నాడు పులుసు. దోసెలు పడుతున్నాయి. మావాడి ఫోను హాల్లో చార్జింగులో ఉంది. ఐదో దోసెకి నేను లెక్క మానేశా. అన్న వచ్చి వాడి ప్లేటు రెండు చేతులతో పైకెత్తి, వెలుతురుకి పెట్టి అటూ ఇటూ వంచి చూశాడు.

"ట్రే ఖాళీ. మేత పెంచాల" అన్నాడు వదినతో.

వచ్చే సంక్రాంతికి లెక్కల పుస్తకంతో రాదలచినవాళ్ళకి ఒక మనవి. రండి, కొలవండి, కాదనం. నూనె ఎంత పోశావని అత్తని అడగాలనుంటే మాత్రం నాలుగు గంటలకి రండి. సాయంత్రం కాదు, తెల్లవారుజామున. గరిటెలు రెండూ మీ చేతికే ఇస్తుంది.