చెదిరిన ‘కఫే’కు టీకా తాత్పర్యం

మూలం: సీ, ఏ, ఎఫ్, ఏ-టిల్డా, కాపీరైట్.

అవతారిక: పారిస్‌లో ఒక కాఫీ దుకాణం పేరు కంప్యూటర్ తెర మీద పడిన తీరు ఇది. బోర్డు మీద ఉన్నవి నాలుగక్షరాలే. చివరిది నెత్తిన కుడివైపు లేచే గీత గల ‘ఈ’. తెర మీదికి వచ్చేసరికి అయిదు గుర్తులయ్యాయి.

ప్రతిపదార్థం: సీ, ఏ, ఎఫ్ = సుగమం. ఏ-టిల్డా = నెత్తిన వంకర గీత గల ఏ; పోర్చుగీసువారు విరివిగా వాడేది, ఫ్రెంచిలో దీనికి పనిలేదు. కాపీరైట్ = వలయంలో చిక్కిన సీ.

పూర్వపక్షం: తమ పేరు ఇంకెవరూ పెట్టుకోకుండా దుకాణంవారు హక్కు ముద్ర వేసుకున్నారని కొందరు. ఇది విచారణకు తగదు. ఫాంటు చెడిందని మరికొందరు. ఫాంటులో అక్షరం లేకపోతే ఖాళీ డబ్బా కనబడుతుంది. ఇక్కడ రెండు గుర్తులూ నిండుగా, దిట్టంగా ఉన్నాయి. కనుక అదీ నిలవదు.

సిద్ధాంతం: యంత్రం దాచుకునేది అక్షరాన్ని కాదు, అంకెను. 1963 నాటి ఆస్కీ పట్టికలో 128 స్థానాలే. గీత గల ‘ఈ’కి చోటు దక్కలేదు. 1987 నాటి లాటిన్-1 ఒక్కో గుర్తుకు ఒక్కో బైటు చొప్పున పశ్చిమ యూరప్ భాషలను సర్దింది. అందులో ఈ అక్షరం 233. ఫ్రెంచివారి ఓ-ఈ జంటాక్షరాన్ని మాత్రం వదిలేసింది. తర్వాత సకల లిపులకూ యూనికోడ్ వచ్చింది. దాన్ని బైట్లుగా రాసే యుటిఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలోని ఒక హోటల్లో, భోజనం బల్ల మీద పరిచే కాగితంపై రూపొందించారు. కఫే పేరు ఈ పద్ధతి చేతిలో పడటం దైవఘటన కాబోలు. యూనికోడ్‌లోనూ మన అక్షరం 233వదే; ఇందులో దాన్ని 195, 169 అనే రెండు బైట్లుగా రాస్తారు. రాసినవారు యుటిఎఫ్-8లో రాశారు, చదివే యంత్రం లాటిన్-1 పట్టిక విప్పింది. అక్కడ 195 అంటే ఏ-టిల్డా, 169 అంటే కాపీరైట్. బైట్లలో లోపం లేదు. ఏ పట్టికతో చదవాలో వాటి మీద రాసి ఉండదు, విడిగా చెప్పాలి; చెప్పనిచోట యంత్రం ఊహిస్తుంది.

తాత్పర్యం: కఫే.

విశేషం: చెదిరిన రూపాన్నే సిసలైనదనుకొని మళ్లీ యుటిఎఫ్-8లో భద్రపరచి, మళ్లీ తప్పు పట్టికతో తెరిస్తే రెండు గుర్తులు నాలుగవుతాయి. తెలుగుకు ఇదే గతి పడితే మరీ కష్టం. అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు. ప్రతిసారీ మొదటిది 224. అంచేత పుటంతా ఎడమకు వాలిన గీత గల ఏలే.

పాఠాంతరం: గీత గల ‘ఈ’ని 233 అని ఏకంగా రాయవచ్చు. ఉత్త ‘ఈ’ రాసి, పక్కన 769 అనే అతుకుగీత చేర్చీ రాయవచ్చు. కంటికి భేదం లేదు, కానీ యంత్రం దృష్టిలో ఇవి వేర్వేరు. ఒకదాన్ని వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. అందుకే యూనికోడ్‌లో నార్మలైజేషన్ అనే విధి ఉంది: ఎన్‌ఎఫ్‌సి కలుపుతుంది, ఎన్‌ఎఫ్‌డి విడదీస్తుంది. పోల్చే ముందు రెండు పాఠాలనూ ఏదో ఒక దారికి తెస్తే చాలు.